ఉప్పు తీశాక మిగిలే చేదు నీటిని కాలువలోకి వదలకుండా ఏం చేయవచ్చు?

ఉప్పుమడి_చినగంజాం · జనవరి 28

అందరికీ నమస్కారం. మాది చినగంజాం దగ్గర. 11 ఎకరాల ఉప్పు మడులు, తాతల నాటి నుంచి ఇదే పని. కొన్ని మడులకు పాయ నీరు పెడతాం, కొన్నింటికి బోరు నీరు. సీజను బాగుంటే 300 టన్నుల దాకా దిగుబడి వస్తుంది.

నా ప్రశ్న ఉప్పు గురించి కాదు. ఉప్పు లాగేశాక మడిలో మిగిలే నీటి గురించి. ముట్టుకుంటే నూనెలా జారుతుంది, నాలుకకు తగిలితే పచ్చి చేదు. మడిలోనే ఉంచి కొత్త నీరు పెడితే తర్వాతి ఉప్పు చెమ్మగిల్లిపోతుంది, వ్యాపారి ధర కోస్తాడు. అందుకని ఎప్పటికప్పుడు కాలువలోకి వదిలేస్తాం. మా నాన్నా అంతే చేశాడు, అందరూ అంతే చేస్తారు.

నిరుడు ఏప్రిల్‌లో ఒక రాత్రి మేం నాలుగు మడులు ఖాళీ చేశాం. తెల్లవారి దిగువన ఒక రొయ్యల రైతు అదే కాలువ నీటిని చెరువులోకి తోడుకున్నాడు. పది రోజుల కిందట వదిలిన సీడు, అంటే రొయ్య పిల్లలు, చాలావరకు పోయింది. పెద్దమనుషుల్లో కూర్చున్నాం, నేను కొంత డబ్బు ఇచ్చాను. తప్పు నాదే. కానీ అప్పటి నుంచి ఆ నీటిని వదలాలంటే చేయి రావడం లేదు. మా అమ్మ ముప్పై ఏళ్ళు ఆ మడుల్లో నిలబడి పారతో ఉప్పు లాగింది. ఆమె పాదాలు ఎప్పుడూ పగుళ్ళే. ఆ నీరు అంత ఘాటైనది.

అందులో విలువైన ఖనిజాలు ఉంటాయని చదివాను. నిజంగా ఏమున్నాయి? ఎంత ఉన్నాయి? నాబోటి చిన్న రైతు వాటిని తీయగలడా?

---

రసాయనం_మాస్టారు · జనవరి 28

బాబూ, బందరులో రసాయన శాస్త్రం చెప్పి విరమణ పొందినవాణ్ణి. నీ ప్రశ్న చదివాక ఈ పూట నిద్ర పట్టదు నాకు.

ముందు ఒక మాట. సముద్రపు నీరు ఎండలో చిక్కబడుతున్నప్పుడు అందులోని లవణాలు అన్నీ ఒకేసారి గడ్డకట్టవు. వరస కట్టుకుని దిగుతాయి. మొదట సున్నపురాయి జాతి పదార్థం కాస్త. నీటి చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు 13, 14 డిగ్రీల బౌమే (చిక్కదనపు కొలత, వేడిది కాదు) చూపేసరికి జిప్సం. 25 దాటాక ఉప్పు. నువ్వు 29, 30 దగ్గర ఆపేసి మిగిలినది వదిలేస్తున్నావు. ఉప్పు దిగిపోయాక నీటిలో ఉండిపోయేవి మెగ్నీషియం, పొటాషియం, సల్ఫేటు, బ్రోమిన్. సముద్రంలో లీటరుకు మెగ్నీషియం 1.3 గ్రాములే ఉంటుంది, పొటాషియం 0.4 గ్రాములు, బ్రోమైడు 65 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ. నీ మడిలో సూర్యుడు వాటిని ముప్పై, ముప్పై అయిదు రెట్లు చిక్కపరచి పెట్టాడు, కరెంటు బిల్లు లేకుండా.

ఈ చేదు నీటి నుంచే 1826లో ఒక మూలకం లోకానికి తెలిసింది. ఫ్రాన్సులో మోంపెల్లియే దగ్గరి ఉప్పు మడుల చేదు నీటిలోకి బలార్ అనే కుర్రవాడు క్లోరిన్ వాయువు పంపితే నీరు ఎర్రబడింది. అప్పటికతనికి ఇరవై మూడేళ్ళు. అంతకుముందే జర్మనీలో లీబిగ్ వంటి మహా రసాయన శాస్త్రవేత్త చేతికి అదే ద్రవం ఉన్న సీసా వచ్చింది. ఆయన దాన్ని అయోడిన్ క్లోరైడు అనుకుని చీటీ అంటించి పక్కన పెట్టేశాడు. బలార్ ప్రకటన చూశాక ఆ సీసాను తన పొరపాట్ల బీరువాలో దాచుకున్నాడని చెబుతారు. ఈ కథ చెప్పని సంవత్సరం లేదు నా తరగతిలో.

ఇంకో చిన్న ప్రయోగం. గాజు గ్లాసులో నీ చేదు నీరు కాస్త తీసుకుని, తేట సున్నపు నీరు పోసి చూడు. పాలవిరుగుడులా తెల్లగా దిగుతుంది. అది మెగ్నీషియం హైడ్రాక్సైడు. 1941లో అమెరికాలోని టెక్సస్ తీరంలో, ఫ్రీపోర్టు అనే ఊళ్ళో, ఇదే పద్ధతిలో మామూలు సముద్రపు నీటి నుంచే మెగ్నీషియం లోహం తీశారు. సున్నానికి ఆలిచిప్పలు కాల్చారు. యుద్ధ విమానాలకు తేలిక లోహం కావాల్సి వచ్చింది మరి. వాళ్ళు లీటరుకు 1.3 గ్రాములున్న నీటితో మొదలుపెట్టారు, నీ దగ్గర అంతకు ముప్పై రెట్లు చిక్కనిది ఉంది.

ముందు ఒక సీసాలో నీరు పట్టి ప్రయోగశాలలో పరీక్ష చేయించు. అంకెలు లేకుండా మాట్లాడితే ఎంతసేపైనా మాట్లాడవచ్చు.

---

కచ్_నుంచి_వచ్చినవాడు · జనవరి 29

మాస్టారికి నమస్కారం. నేను గుజరాత్‌లో ఉప్పు, బ్రోమిన్ కర్మాగారాల్లో పద్నాలుగేళ్ళు పనిచేసి వచ్చాను. తమ్ముడి ఆశ మీద నీళ్ళు చల్లడం నా ఉద్దేశం కాదు. కానీ కొన్ని విషయాలు ముందే చెప్పకపోతే డబ్బు పోగొట్టుకుంటాడు.

అన్నిటికంటే ముందు: బ్రోమిన్ జోలికి పోవద్దు. చేదు నీటిని ఆమ్లీకరించి, క్లోరిన్ పంపి, ఆవిరితోనో గాలితోనో ఊది బ్రోమిన్‌ను బయటికి లాగుతారు. వినడానికి సులువు. ఆ ఎర్రని ద్రవం చర్మం మీద పడితే ఎముక దాకా మండుతుంది, ఆవిరి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. గాజు పూత పూసిన లేదా రాతితో కట్టిన గోపురాలు, క్లోరిన్ సిలిండర్లు, శిక్షణ ఉన్న మనుషులు కావాలి. ఇంటర్నెట్‌లో చూసి బకెట్టులో ప్రయత్నించేవాళ్ళున్నారు. దయచేసి ఎవరూ అలా చేయకండి.

పొటాషియం సంగతి వేరు. మన దేశం వాడే పొటాష్ ఎరువు దాదాపు పూర్తిగా దిగుమతే. భావనగర్‌లో 1954 నుంచి ఉన్న కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ చేదు నీటి నుంచి సల్ఫేట్ ఆఫ్ పొటాష్ తీసే పద్ధతులను అభివృద్ధి చేసింది. చేదు నీటిని ఇంకా ఎండబెడితే ముందు ఉప్పు, ఎప్సం లవణం (మెగ్నీషియం సల్ఫేటు) కలిసి దిగుతాయి. తర్వాత కైనైట్ అనే జంట లవణం. దాన్ని కడిగి షోనైట్ అనే ఇంకో జంట లవణంగా మార్చి, దాని నుంచి పొటాష్ తీస్తారు. ఇంకో దారి కూడా ఉంది, నాకు చాలా నచ్చిన దారి: సోడా యాష్ (చాకలి సోడా) కర్మాగారాలు పారబోసే కాల్షియం క్లోరైడు నీటిని చేదు నీటిలో కలిపితే సల్ఫేటు జిప్సంగా దిగిపోతుంది, తర్వాత కార్నలైట్ అనే పొటాషియం, మెగ్నీషియం జంట లవణం శుభ్రంగా వస్తుంది. ఒకరి మురుగు ఇంకొకరి మురుగును బాగుచేస్తుంది.

మరి గుజరాత్‌లో అయ్యేది చినగంజాంలో ఎందుకు కాదు? గాలిలో తేమ. కైనైట్ దిగాలంటే నీరు 33, 34 డిగ్రీలు దాటాలి. అంత చిక్కబడిన నీరు గాలిలోకి ఆవిరి కాదు, గాలిలోని చెమ్మనే తిరిగి పీలుస్తుంది. ఘన మెగ్నీషియం క్లోరైడు మరీ మొండిది, గాలి తేమ 33 శాతం మించితే తానే కరిగి నీరవుతుంది. కచ్ రణ్ అనే ఆ ఉప్పు ఎడారిలో ఎండాకాలపు మధ్యాహ్నాలు ఎడారి గాలి, అందుకే ఖారాఘోడాలో మెగ్నీషియం క్లోరైడు పరిశ్రమ మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుంచీ నిలబడింది. మన కోస్తాలో మే నెల మిట్టమధ్యాహ్నం కూడా సముద్రపు గాలి తడితడిగానే ఉంటుంది. 31, 32 దగ్గర హైడ్రోమీటరు మొరాయిస్తుంది, నువ్వెంత కాచుకుని కూర్చున్నా.

---

ఉప్పుమడి_చినగంజాం · జనవరి 29

అన్నా, మీరు చెప్పినది నా కళ్ళతో చూశాను. ఒక మడిలో ఊరికే వదిలి చూశాను రెండేళ్ళ కిందట. 31 దాకా వచ్చి ఆగింది. పగలు నీటి మట్టం కాస్త దిగేది, రాత్రికి మళ్ళీ పెరిగేది. ఎవరో నీరు పోస్తున్నారని అనుమానపడ్డాను కూడా. ఇప్పుడు అర్థమైంది.

---

తేజ_2031 · జనవరి 30

లిథియం గురించి ఎవరూ చెప్పరేమిటి? ఇప్పుడు బ్యాటరీలన్నీ దానితోనే. ఉప్పు నీటి నుంచే తీస్తున్నారు కదా, మన మడుల్లోనూ ఉండాలి.

---

ఇంపీరియల్_లోయ · జనవరి 31

తేజ గారూ, కాలిఫోర్నియాలో సాల్టన్ సీ అనే ఉప్పు సరస్సు పక్కన భూతాప విద్యుత్ కేంద్రాలున్న ప్రాంతంలో పని నాది. లెక్క చెబుతాను.

సముద్రపు నీటిలో లిథియం లీటరుకు 0.17 మిల్లీగ్రాములు. చినగంజాం మడిలో 35 రెట్లు చిక్కబడితే 6 మిల్లీగ్రాములు. మా దగ్గర భూమి లోపలి నుంచి వచ్చే వేడి ఉప్పు నీటిలో లీటరుకు 200 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. చిలీలోని అటకామా ఉప్పు మైదానంలో వెయ్యికి పైనే. కాబట్టి ఉప్పు మడుల్లో లిథియం ఆశ వదులుకోవడమే మంచిది.

అంత లిథియం ఉన్న మా చోట కూడా పని సాఫీగా లేదు. 2000ల ఆరంభంలో ఇక్కడ ఇదే నీటి నుంచి జింకు తీయడానికి పెద్ద కర్మాగారం కట్టారు. 2002లో మొదలై 2004లో మూతపడింది. ప్రయోగశాలలో చక్కగా పనిచేసిన రసాయనం, ఇనుము, మాంగనీసు, సిలికా అన్నీ కలిసి మరుగుతున్న నీటి ముందు ఇబ్బంది పడింది. సిలికా పైపుల లోపల రాయిలా పేరుకుపోతుంది, సుత్తితో కొట్టి తీయాలి. నీటిలో ఫలానాది ఇంత ఉందని పరీక్ష చెబుతుంది. తీయడానికి ఎంతవుతుందో దానితోపాటు ఉన్న మిగతావి చెబుతాయి.

---

బొల్లారం_ఇంజనీరు · ఫిబ్రవరి 2

ఇంపీరియల్_లోయ గారి చివరి మాటకు నా అనుభవం జోడిస్తాను. మడులతో నాకు సంబంధం లేదు, హైదరాబాద్ పక్కన మందుల కర్మాగారాల మురుగునీటి శుద్ధిలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. కానీ జబ్బు ఒకటే.

మా దగ్గర టీడీఎస్, అంటే కరిగిన లవణాలు, ఎక్కువున్న నీరంతా బహుళ దశల ఆవిరి యంత్రానికి వెళుతుంది. అక్కడ చిక్కబడినది పలుచటి పొర డ్రైయరులో ఎండి లవణంగా బయటికొస్తుంది. బూడిద రంగు, కాస్త ద్రావకాల వాసన. అందులో సోడియం క్లోరైడు ఉంది, సోడియం సల్ఫేటు ఉంది, అమ్మోనియం లవణాలు, ఇంకా పేరు తెలియని సేంద్రియాలు ఉన్నాయి. ఆవిరి చేయడానికి బొగ్గు కాల్చాం, ఎండబెట్టడానికి మళ్ళీ కాల్చాం. చివరికి ఆ సంచులను ప్రమాదకర వ్యర్థాల పూడ్చివేత స్థలానికి లారీల్లో పంపి, టన్నుకింతని మేమే డబ్బు కడతాం. బయటికి చుక్క నీరు పోవడం లేదని బోర్డు ఉంటుంది. నిజమే. ఉప్పు మాత్రం భూమిలో పేరుకుంటోంది. పటాన్‌చెరు చుట్టుపక్కల చెరువులు ఒకప్పుడు ఏమయ్యాయో చూసినవాణ్ణి. ఈ పద్ధతి అంతకంటే ఎంతో మేలు. కానీ ఇంతటితో ఆగిపోవడం నాకు నచ్చదు.

మూడేళ్ళ కిందట ఒక యూనిట్‌లో యజమానిని ఒప్పించి ఒక పని చేశాం. రియాక్టరు దగ్గరే నీటిని వేరు చేశాం. సల్ఫేటు ఎక్కువగా వచ్చే ఒక మందు ప్రక్రియ ఉంది, దాని కడుగునీటిని మిగతావాటితో కలపకుండా విడి ట్యాంకులోకి మళ్ళించాం. కార్బన్‌తో సేంద్రియాలు పట్టి, చిక్కపరచి, చల్లార్చాం. ఇక్కడ ప్రకృతి మనకో చక్కటి సాయం చేసింది. సోడియం సల్ఫేటు 32 డిగ్రీల వేడిలో వంద గ్రాముల నీటికి 50 గ్రాముల దాకా కరుగుతుంది, సున్నా దగ్గర 5 గ్రాములే. మామూలు ఉప్పు మాత్రం చల్లనీటిలోనూ మరిగే నీటిలోనూ దాదాపు ఒకేలా కరుగుతుంది, 36 నుంచి 39 గ్రాములు. అంటే చల్లబరిస్తే సల్ఫేటు స్ఫటికాలై దిగిపోతుంది, ఉప్పు నీటిలోనే ఉండిపోతుంది. మొదటిసారి ఆ పొడవాటి గాజులాంటి స్ఫటికాలు అడుగున చూసినప్పుడు ఆపరేటర్లందరం చుట్టూ చేరి నిలబడిపోయాం.

తమిళనాడులో తిరుప్పూరు అద్దకపు యూనిట్లు దీన్ని మనకంటే ముందే నేర్చుకున్నాయి. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకపు యూనిట్లను మూయించింది. నొయ్యల్ నది అంత దారుణంగా పాడైంది అప్పటికి. తర్వాత తెరుచుకున్నవి సల్ఫేటును తిరిగి తీసి, లేదా సల్ఫేటున్న ఉప్పునీటినే శుభ్రం చేసి, అద్దకపు తొట్టెల్లోనే వాడుతున్నాయి. వాళ్ళకు అది వీలైంది ఎందుకంటే బట్టల రంగుకు ఒకే లవణం చాలు. మా దగ్గర యాభై ప్రక్రియలు, యాభై రకాల కడుగునీళ్ళు ఒకే గొట్టంలో పడతాయి.

ఉప్పుమడి గారూ, మీ చేదు నీరు ఇంకా ఎవరి మురుగుతోనూ కలవలేదు. కాలువలో పడిన క్షణం నుంచి అది దేనికీ పనికిరాదు. మడి గట్టు లోపల ఉన్నంతసేపే దానికి విలువ.

---

మీంజూరు_నీళ్ళు · ఫిబ్రవరి 3

చెన్నై ఉత్తరాన సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కేంద్రంలో చేస్తున్నాను. మా దగ్గర బయటికి పోయే నీరు సముద్రం కంటే రెండింతలు కూడా చిక్కన కాదు. అందులో ఖనిజాలు తీయాలంటే ఆ నీళ్ళన్నీ ఎవరో మళ్ళీ ఎండబెట్టాలి. ఇజ్రాయెల్‌లో ఎయిలాట్ దగ్గర అలాంటి నీటిని ఉప్పు మడులకే మళ్ళించారు. సముద్రపు నీటికి బదులు దాన్ని పెడితే ఆవిరి చేయాల్సిన నీరు దాదాపు సగం తగ్గుతుంది. మన తీరంలో ఎక్కడైనా మడుల పక్కన ఇలాంటి కేంద్రం వస్తే ఈ ఆలోచన ముందే చేయాలి. చినగంజాం సమస్యకు ఇది నేరుగా పనికిరాదని తెలుసు, తెలిసినది చెప్పాను.

---

ఉప్పుమడి_చినగంజాం · ఫిబ్రవరి 21

పరీక్ష ఫలితాలు వచ్చాయి. 29 డిగ్రీల దగ్గర పట్టిన నీరు, లీటరుకు గ్రాముల్లో: మెగ్నీషియం 44, పొటాషియం 12, సల్ఫేటు 55, బ్రోమైడు 2. సీసం, పాదరసం, ఆర్సెనిక్ కూడా చూడమన్నాను, పరికరానికి అందేంత లేవన్నారు. బోరు నీటి మడిది వేరుగా పట్టాను, అందులో పొటాషియం 9 మాత్రమే.

సీజను మొత్తం మీద నేను వదిలేది 300 ఘనపు మీటర్లు ఉంటుందని లెక్కేశాను.

---

రసాయనం_మాస్టారు · ఫిబ్రవరి 21

300 ఘనపు మీటర్లంటే మెగ్నీషియం 13 టన్నులు, పొటాషియం 3.6 టన్నులు, బ్రోమిన్ 600 కిలోలు. పొటాషియాన్ని ఎరువుల కొట్లో దొరికే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ లెక్కన చూస్తే 50 కిలోల సంచులు 140 పైచిలుకు. నువ్వు ఏటా 140 పొటాష్ సంచులను కాలువలో పారబోస్తున్నావు బాబూ. నీ తండ్రి, తాత కాలం నుంచి.

---

కచ్_నుంచి_వచ్చినవాడు · ఫిబ్రవరి 22

మాస్టారి లెక్క సరైనదే. కానీ 11 ఎకరాల మీద కర్మాగారం నిలవదు. చినగంజాం మడులన్నిటి నీరు ఒకచోట చేర్చినా మా గుజరాత్ కర్మాగారం కొద్ది రోజుల్లో తాగేసేంత ఉంటుంది. రవాణా మాట సరేసరి. దాంట్లో మూడొంతులు నీరే, నీటిని లారీలో ఎవరు మోస్తారు?

నా సలహా: లవణం తీయాలన్న పట్టుదల వదిలేయండి. ఈ నీటిని నీటిగానే వాడుకునేవాళ్ళు దగ్గరలో ఎవరున్నారో వెతకండి. జపాన్‌లో ఉప్పు తీశాక మిగిలే ఈ చేదు నీటితోనే సోయా పాలను విరగ్గొట్టి టోఫు చేస్తారు, తరతరాలుగా. అక్కడ అది వంటింటి సరుకు. మనకు టోఫు లేదు, ఇంకేదో ఉండాలి.

---

రేపల్లె_వనామీ · ఫిబ్రవరి 23

మూడు రోజులుగా చదువుతున్నాను, ఇవాళ రాయకుండా ఉండలేకపోతున్నాను. ఆ వాడుకునేవాళ్ళం మేమే అనుకుంటాను.

రేపల్లె దగ్గర 6 ఎకరాల్లో వనామీ రొయ్య వేస్తున్నాను. మా నీటి సాలినిటీ (ఉప్పదనం) 4 పీపీటీ, అంటే లీటరుకు 4 గ్రాముల లవణాలు. బోరు నీరు. ఉప్పదనం సరిపోతుంది కానీ సముద్రంలో ఉండే పాళ్ళలో పొటాషియం, మెగ్నీషియం ఉండవు. వాటి కొరత వస్తే రొయ్య వంకర తిరిగి బిగుసుకుపోతుంది, పొర విడిచాక పెంకు గట్టిపడదు. అందుకని ప్రతి పంటకూ మినరల్స్ సంచులు కొంటాం. రంగురంగుల సంచులు, లోపల ఎంత ఏముందో చాలాసార్లు స్పష్టంగా రాయరు. మేత తర్వాత నాకు ఎక్కువ కడుపుమంట ఆ ఖర్చే.

చేదు నీరు నేరుగా చెరువులో వేయవచ్చా? మీరు నిరుడు సీడు పోయిందన్నారు, అందుకే భయం.

---

నీటి_పరీక్ష_లక్ష్మి · ఫిబ్రవరి 23

రేపల్లె అన్నయ్యా, నేను భీమవరంలో చెరువుల నీటి పరీక్షలు చేస్తాను. మీ భయం న్యాయమైనదే, కానీ రెండూ ఒకటి కావు. నిరుడు జరిగింది చిక్కటి నీరు ఇరుకు కాలువలో సరిగా కలవకుండా ఒక్కసారిగా చెరువులోకి రావడం. పది రోజుల పిల్ల దాన్ని తట్టుకోలేదు. మీరడిగేది కొలిచి, పలచన చేసి వేయడం.

మేం వాడే లెక్క ఇది. సాలినిటీని 10.7తో హెచ్చిస్తే ఉండాల్సిన పొటాషియం వస్తుంది, 39తో హెచ్చిస్తే మెగ్నీషియం, లీటరుకు మిల్లీగ్రాముల్లో. సముద్రపు పాళ్ళు అవే. 4 పీపీటీకి పొటాషియం 43, మెగ్నీషియం 156 ఉండాలి. మీ చెరువులో ఎంతుందో చెబితే లెక్క వేస్తాను.

---

రేపల్లె_వనామీ · ఫిబ్రవరి 25

పొటాషియం 18, మెగ్నీషియం 90. ఎకరం చెరువు, నీటి లోతు 1.2 మీటర్లు.

---

నీటి_పరీక్ష_లక్ష్మి · ఫిబ్రవరి 25

ఎకరానికి 1.2 మీటర్లంటే సుమారు 4,850 ఘనపు మీటర్ల నీరు. మెగ్నీషియం లోటు 66, అంటే చెరువు మొత్తానికి 320 కిలోలు. చినగంజాం నీటిలో ఘనపు మీటరుకు 44 కిలోలుంది కాబట్టి 7.3 ఘనపు మీటర్లు సరిపోతుంది. దానితోపాటే 87 కిలోల పొటాషియం వస్తుంది, అంటే లీటరుకు 18 మిల్లీగ్రాములు పెరిగి 36 అవుతుంది. మిగిలిన కొద్ది లోటుకు పొటాష్ సంచి ఒకటిన్నర. ఇదే మెగ్నీషియం ఎప్సం లవణంగా కొనాలంటే మూడు టన్నులకు పైన, 65 సంచులు. అంత మెగ్నీషియం ఎవరూ కొనలేరు, అందుకే మన చెరువులు ఎప్పుడూ అర్ధాకలితోనే ఉంటాయి.

సాలినిటీ అర పీపీటీ పెరుగుతుంది, అంతే. కానీ నా షరతులు వినండి. సీడు వదలకముందే మొదలుపెట్టాలి. ఒక్క రోజున కాదు, కనీసం ఆరేడు విడతలుగా, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుండగా, ప్రతిసారీ పలచన చేసి. విడతకూ విడతకూ మధ్య పరీక్ష. అడుగు బురద నల్లగా వాసన వేస్తున్న చెరువులో వద్దు, సల్ఫేటు అక్కడ విషవాయువుగా మారుతుంది. ట్యాంకరు వచ్చిన ప్రతిసారీ నీటిని పరీక్షించాలి, బోరు మడిది, పాయ మడిది కలిపేస్తే నా లెక్క తప్పుతుంది.

---

కచ్_నుంచి_వచ్చినవాడు · ఫిబ్రవరి 26

అమ్మా, నేను ఒప్పుకుంటున్నాను, ఈ దారి నాకు తట్టలేదు. 7.3 ఘనపు మీటర్లంటే 9 టన్నుల బరువు, ఒక ట్యాంకరు. చినగంజాం నుంచి రేపల్లెకు నీరు మోయడం దండగ కాదిప్పుడు, అవతల 65 సంచులు ఆగుతున్నాయి కాబట్టి. ట్యాంకరుకు లోపల పూత ఉండాలి, లేకపోతే ఇనుమును తినేస్తుంది. పంపు కూడా ప్లాస్టిక్ తలది తీసుకోండి.

---

బొల్లారం_ఇంజనీరు · ఫిబ్రవరి 26

ఒక అభ్యంతరం రాసి ఉంచుతాను, ఎవరూ అపార్థం చేసుకోవద్దు. ఈ మాట పాకితే రేపు మా వైపు నుంచి ఎవరైనా కర్మాగారపు ఉప్పునీటిని చేదు నీరని చెప్పి చెరువులకు అమ్మవచ్చు. అందులో ఏముంటుందో నాకు తెలుసు. మడి నుంచి కాక ఇంకెక్కడి నుంచి వచ్చినా కొనకండి. మడి చూసి, రైతును చూసి కొనండి.

---

ఉప్పుమడి_చినగంజాం · ఏప్రిల్ 19

ఆలస్యానికి మన్నించండి, మడుల పనిలో తీరిక దొరకలేదు.

మొదటి ట్యాంకరు మార్చి 11న వెళ్ళింది. పాయ నీటి మడులదే పంపాను, 29 డిగ్రీలు. ఎనిమిది రోజుల్లో ఏడు విడతలు వేశారు. చివరి పరీక్షలో మెగ్నీషియం 148, పొటాషియం 34 వచ్చింది. లక్ష్మి గారి లెక్కకు కాస్త తక్కువ, అడుగు మట్టి కొంత పట్టేసిందన్నారు. సీడు మార్చి 24న వదిలారు. ఇవాళ్టికి రొయ్య బాగానే ఉంది. ఒక చెరువు, ఒక పంట, దీన్నిబట్టి పెద్ద మాటలు చెప్పను.

నాకు ట్యాంకరుకు వచ్చింది పెద్ద మొత్తం కాదు, ఇద్దరు కూలీల వారం కూలి. కానీ ఆ నాలుగు మడుల నీరు ఈ ఏడు కాలువలో పడలేదు.

ఒక నష్టం కూడా చెప్పాలి. గట్టు పక్కన గుంట తవ్వి 60 ఘనపు మీటర్లు నిలవ చేశాను. ఏప్రిల్ మొదటి వారంలో అకాల వర్షం పడింది. పైన తేలిక నీరు, అడుగున చిక్కటి నీరు విడివిడిగా నిలిచాయి. తెలియక పైనుంచి పంపు పెడితే 12 డిగ్రీల నీరు వచ్చింది. పైపెచ్చు గుంట అడుగు ఇసుక, సగం ఇంకిపోయింది. పక్క బావిలోకి దిగితే ఏమవుతుందోనని రెండు రాత్రులు కంటి మీద కునుకు లేదు. బావి నీరు పరీక్షించాను, ప్రస్తుతానికి మారలేదు. ఇక షీటు పరచకుండా నిలవ చేయను.

నిరుడు సీడు పోయిన దిగువ రైతు నిన్న మడి దగ్గరికి వచ్చాడు. తనకూ ఒక ట్యాంకరు కావాలన్నాడు. డబ్బు వద్దన్నాను.

---

రసాయనం_మాస్టారు · ఏప్రిల్ 19

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. మడి ఖాళీ చేసేటప్పుడు కూలీలందరికీ రబ్బరు బూట్లు కొను. ఇది మాత్రం వాయిదా వేయకు.

---

ఉప్పుమడి_చినగంజాం · ఏప్రిల్ 20

ఆరు జతలు తెచ్చాను మాస్టారూ, ఒంగోలు నుంచి. అమ్మ వేసుకోనంటోంది, బురదలో కాలు ఆనడం లేదట. నచ్చజెబుతున్నాను.

శుక్రవారం మరో మూడు మడులు ఖాళీ చేయాలి. దిగువ రైతు చెరువు దాకా ట్యాంకరు వెళ్ళదు, గట్టు వెడల్పు చాలదు. రోడ్డు నుంచి 50 మీటర్లు పైపు వేయాలి. ఈ నీరు ఇనుమును తినేస్తుందని కచ్ అన్న చెప్పారు కదా. ప్లాస్టిక్ పైపు అద్దెకు దొరికే చోటు ఎవరికైనా తెలుసా?

---

రేపల్లె_వనామీ · ఏప్రిల్ 20

అద్దె ఎందుకు తమ్ముడూ? రెండు అంగుళాల నల్ల పైపు నా దగ్గర 60 మీటర్లు చుట్ట ఉంది. గురువారం సాయంత్రం చీరాల వస్తున్నాను, బండిలో వేసుకొస్తాను.